ఇంగ్లండు జైళ్ల నుంచి తప్పించుకున్న అమెరికన్ నావికులను కాపాడిందెవరు?

గోదారి_గట్టు
అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మీద తెలుగులో ఏ వ్యాసం తీసినా వాషింగ్టన్ డెలావేర్ నది దాటడం, యార్క్‌టౌన్‌లో కార్న్‌వాలిస్ లొంగిపోవడం, అంతటితో సరి. సముద్రం మీద పట్టుబడి ఇంగ్లండులో మగ్గినవాళ్ల ఊసే ఉండదు. ప్లిమత్‌లో మిల్ జైలు, పోర్ట్స్‌మత్ రేవుకి అవతలి గట్టున ఫోర్టన్ జైలు. ఈ రెండింట్లో యుద్ధం మొత్తం మీద రెండు వేలు పైచిలుకు మంది ఉన్నారు. కొందరు గోడ దూకారు, కొందరు సొరంగం తవ్వారు. సరే, బయటపడ్డారు. ఆ తర్వాత? ఉన్నది శత్రువు గడ్డ, చేతిలో కాణీ లేదు, ఇల్లు మహాసముద్రం అవతల. వాళ్లకి అన్నం పెట్టిందెవరు, దాచిందెవరు, ఫ్రాన్స్ చేర్చిందెవరు?

అప్పట్లో ఫ్రాన్స్‌లో అమెరికా తరఫు రాయబారి బెంజమిన్ ఫ్రాంక్లిన్. మా బావతో ఆయన మీదే గొడవ. "ఫ్రాంక్లిన్ ప్యారిస్‌లో దొరసానులతో చదరంగం ఆడుకుంటూ కూర్చున్నాడు, ఖైదీల్ని గాలికొదిలేశాడు" అంటాడాయన. నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

గుంటూరు_ఘాటు
ముందు మీ బావ మీకు చదరంగంలో ఎన్నిసార్లు ఓడిపోయాడో చెప్పండి, ఆ కోపమేమో.

పాత_పటాలు
మీ బావగారి మాట నిజం కాదు. అలాగని ఫ్రాంక్లిన్ ఒక్కడే అంతా చేశాడన్నా నేను ఒప్పుకోను.

మొదట వాళ్ల హోదా ఏమిటో చూడాలి. 1777 మార్చిలో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. తిరుగుబాటు వలసల ఓడల్లో పట్టుబడినవాళ్లు యుద్ధఖైదీలు కారు. రాజద్రోహం, సముద్రపు దోపిడీ అనే అభియోగాల మీద, విచారణ లేకుండా, రాజుగారి ఇష్టం ఉన్నంతకాలం లోపల ఉంచొచ్చు. బెయిలు లేదు, ఖైదీకి బదులు ఖైదీని ఇచ్చే మార్పిడి లేదు. యుద్ధఖైదీ అని ఒప్పుకుంటే అమెరికాని ఒక దేశంగా ఒప్పుకున్నట్టు అవుతుందని బ్రిటిష్ వాళ్ల భయం. ఆ భయానికి మూల్యం చెల్లించింది మాత్రం న్యూబరీపోర్ట్, మార్బుల్‌హెడ్ లాంటి ఊళ్ల బెస్త కుర్రాళ్లు.

ఫ్రాంక్లిన్ 1776 డిసెంబరులో ఫ్రాన్స్ చేరాడు. కొద్ది నెలల్లోనే ఆయనా, తోటి అమెరికన్ ప్రతినిధి సైలస్ డీనూ కలిసి ప్యారిస్‌లోని బ్రిటిష్ రాయబారి లార్డ్ స్టార్మాంట్‌కి ఖైదీల మార్పిడి కోరుతూ ఉత్తరం రాశారు. మొదటి ఉత్తరానికి జవాబే లేదు. మళ్లీ రాస్తే, తిరుగుబాటుదారులు రాజుగారి దయ అడుక్కోవడానికి వస్తే తప్ప రాయబారి వాళ్ల అర్జీలు తీసుకోడని సంతకం కూడా లేని చీటీ వచ్చింది. వీళ్లు ఆ చీటీని, మర్యాద తప్పిన కాగితమని చెప్పి, తిప్పి పంపేశారు.

నిక్కచ్చి_1
ఒక్క మాట అడుగుతాను. ఈ "నావికుల్లో" చాలామంది ప్రైవేటీర్లు కదా. సొంత లాభం కోసం సరుకు ఓడల్ని దోచుకునేవాళ్లు. చేతిలో ప్రభుత్వం కాగితం ఉంటే దోపిడీ దేశభక్తి అయిపోతుందా? వాళ్లని కాపాడినవాళ్లని మహానుభావులు అనడం నాకు ఎక్కువనిపిస్తోంది.

డాల్ఫిన్_నోస్
నిక్కచ్చి గారూ, ఆ కాగితం ఆరోజుల్లో బ్రిటన్ కూడా ఇచ్చింది, ఫ్రాన్స్ కూడా ఇచ్చింది. పట్టుకున్న ఓడని కోర్టులో పెట్టి, అది శత్రువుదే అని తేలాకే అమ్ముకోవాలి. ఇష్టారాజ్యం కాదు.

నేను సరుకు ఓడల మీద పనిచేసినవాణ్ని, విశాఖ. ఆ మనుషుల్ని ఓడ యజమానితో కలిపి చూడకండి. లాభం యజమానిది, కెప్టెన్‌ది. డెక్కు మీద తాళ్లు లాగే పదిహేడేళ్ల కుర్రాడికి దక్కేది చిన్న వాటా, అదీ ఓడ దొరికితేనే. పట్టుబడితే అందరికంటే ఎక్కువకాలం లోపల ఉండేది వాడే.

ఓరుగల్లు_వాణి
డాల్ఫిన్ అన్న చెప్పినదానికి సాక్ష్యం ఉంది. చార్లెస్ హెర్బర్ట్ అని న్యూబరీపోర్ట్ పిలగాడు, డాల్టన్ అనే ప్రైవేటీరు ఓడ మీద పోయిండు. 1776 క్రిస్మస్ ముందురోజు పట్టుబడ్డరు. మిల్ జైల్ల దొంగచాటుగ డైరీ రాసిండు. అది చదివితే కడుపు తరుక్కుపోతది. ఫ్రెంచి ఖైదీకి రోజుకు పౌనున్నర రొట్టె ఇస్తే అమెరికనుకు ఒక్క పౌను. ఆకలికి గడ్డి పీక్కొని తిన్నరని రాసిండు.

గని ఆ పిలగాడు ఊకె కూసోలే. చెక్కతోని పెట్టెలు, గరిటెలు చేసి, గేటు కాడికి వచ్చే జనానికి అమ్ముకున్నడు. జైలు గేటు కాడ ధర్మం డబ్బా కూడా ఉండేదట. వచ్చిన ఇంగ్లీషు జనం దాంట్ల పైసలేసి పోయేటోళ్లు. నాకు అన్నింటికంటే ఇదే మనసుకు పట్టింది. ఎవరితోని యుద్ధమో ఆ ఊరి మామూలు జనమే పైసలేస్తున్నరు.

గోదారి_గట్టు
వాణి గారూ, అదే నేను అడిగేది! శత్రువు ఊరి జనం ఎందుకు సాయం చేశారు?

పాత_పటాలు
ఒకటి మతం, రెండోది రాజకీయం. అధికారిక ఆంగ్లికన్ చర్చిలో చేరని ప్రొటెస్టంట్లని డిసెంటర్లు అనేవారు. ఇంగ్లండులోనే వాళ్లకి పూర్తి హక్కులు లేవు. అమెరికన్ల గోడు వాళ్లకి సొంత గోడులా వినిపించింది. పార్లమెంటులో కూడా ఈ యుద్ధం తప్పన్నవాళ్లు ఉన్నారు.

1777 డిసెంబరులో లండన్‌లో ఒక సభ పెట్టి ఖైదీల కోసం చందాలు మొదలుపెట్టారు. కొద్ది వారాల్లో దాదాపు 3,800 పౌండ్లు పోగయ్యాయి. యుద్ధం నడుస్తుండగా, రాజద్రోహులని చట్టం చెప్పినవాళ్ల కోసం, రాజధాని నడిబొడ్డున, బాహాటంగా! జైల్లో బట్టలు, బూట్లు, వారం వారం కాస్త చిల్లర ఆ డబ్బుతోనే అందాయి.

గుంటూరు_ఘాటు
మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ బాగుచేయించడానికి చందాలంటే తలుపు తీయరు. వాళ్లెవరో గాని దండం పెట్టాలి.

న్యూజెర్సీ_నాగమణి
ఇక్కడ ఒక పేరు రావాలి, ఇంకా ఎవరూ ఎత్తలేదు. థామస్ రెన్. పోర్ట్స్‌మత్‌లో డిసెంటర్ పాస్టరు. పెద్ద ఉద్యోగం లేదు, ఆస్తి లేదు. ఫోర్టన్ జైలుకి ఆయనే స్వయంగా వెళ్లేవాడు. చందా డబ్బు చేతికిచ్చేవాడు, ఉత్తరాలు చేరవేసేవాడు, జబ్బుపడినవాళ్లని చూసేవాడు. తప్పించుకున్నవాళ్లు తిన్నగా ఆయన గుమ్మం తొక్కేవాళ్లు. దాచిపెట్టి, దారిఖర్చులిచ్చి, లండన్‌లో నమ్మకస్తుల దగ్గరికి పంపేవాడు. అక్కడి నుంచి ఓడెక్కి హాలెండో, ఆస్టెండో, డన్‌కర్కో.

ఇది చిన్న తెగువ కాదు. రాజద్రోహం కేసున్న మనిషిని ఇంట్లో దాచడం. పక్కింటివాడు ఒక్క మాట చెబితే చాలు, ఆయన పనీ అయిపోయేది. యుద్ధం అయ్యేదాకా చేశాడు.

నేను ఉండేది ప్రిన్స్‌టన్ దగ్గర్లో. అప్పట్లో దాన్ని కాలేజ్ ఆఫ్ న్యూజెర్సీ అనేవారు. 1783లో ఆ కాలేజీ రెన్‌కి గౌరవ డాక్టరేటు ఇచ్చింది, అమెరికన్ కాంగ్రెస్ కృతజ్ఞతలు చెబుతూ తీర్మానం చేసింది. ఫ్రాంక్లిన్ పట్టుబట్టి రాసినందువల్లే ఇది జరిగింది. నాలుగేళ్లకే, 1787లో, రెన్ చనిపోయాడు. ఆ కాలేజీ మీదుగా రోజూ వేలమంది పోతుంటారు, ఆయన పేరు అడిగితే ఎవరికీ తెలియదు.

నిక్కచ్చి_1
నాగమణి గారూ, రెన్ విషయంలో నేను తల వంచుతాను. ఆయనకి లాభం ఏమీ లేదు. నా పేచీ ఓడ యజమానులతోనే.

వేములవాడ_వాసు
గిది చదువుతుంటే మా కాక కొడుకు యాదికొచ్చిండు. గల్ఫ్‌ల యజమాని పాస్‌పోర్టు గుంజుకొని జీతం ఇయ్యకుంటే, క్యాంపు నుంచి బయటపడి ఖల్లివెల్లి అయిండు, అంటే కాయిదాలు లేకుంట దాక్కొని బతికిండు. దినాం పోలీసోళ్ల భయం. అన్నం పెట్టింది ఎవరంటే హోటల్ల వంట చేసే ఒక మలయాళీ, రూముల జాగ ఇచ్చింది జగిత్యాల పోరగాళ్లు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో రాత్రి. కాయిదాలు లేని మనిషిని రూముల పెట్టుకుంటే ఆళ్ల వీసాకే ఎసరు. అయినా పెట్టుకున్నరు. ఆఖరికి ఇంటికి పోనీకె ఇచ్చే అవుట్‌పాస్ కాయిదం కోసం పోతే "నువ్వు ఇండియావాడివే అని రుజువేంది?" అని అడిగిండ్రట. మన ఊరు, మన తాలూకా, మన పక్క ఊరి జాతర, అన్నీ చెప్పిండట పాపం.

నా ప్రశ్న ఏందంటే, ఫ్రాన్స్ చేరిన ఈ అమెరికనోళ్లు మేం అమెరికనోళ్లమే అని ఎట్ల నిరూపించుకున్నరు? భాష ఇంగ్లీషే, మొకం ఇంగ్లీషోళ్లదే.

పాత_పటాలు
వాసు తమ్ముడూ, అసలు సమస్య అదే. ఫ్రాంక్లిన్ ఉండే పాసీ అప్పట్లో ప్యారిస్ శివారు పల్లె. తప్పించుకున్నవాళ్లు రేవుల నుంచి కాళ్లీడ్చుకుంటూ అక్కడికి వచ్చేవారు. చిరిగిన బట్టలు, చేతిలో ఏ కాగితమూ లేదు. అమెరికన్లమని చెప్పుకుని డబ్బు పట్టుకుపోయిన ఇంగ్లీషువాళ్లూ ఉన్నారు. ఏ ఊరు, ఏ ఓడ, కెప్టెన్ ఎవరు, ఎక్కడ పట్టుబడ్డావు అని అడగాల్సిందే. ముందే వచ్చిన ఖైదీలు "అవును, ఈయన మాతోనే ఉన్నాడు" అంటే అదే పెద్ద సాక్ష్యం.

డబ్బు మాత్రం ఊరికే ఇచ్చింది కాదు. ప్రామిసరీ నోటు రాయించుకునేవారు. ఇంత తీసుకున్నాను, కాంగ్రెస్‌కి తిరిగి కడతాను అని. ఆ నోట్లు, లెక్కలు ఫ్రాంక్లిన్ కాగితాల్లో ఇప్పటికీ ఉన్నాయి. రాయడం రానివాళ్లు వేలిముద్ర బదులు గీత గీశారు.

వేములవాడ_వాసు
నోటు రాయించుకున్నడా? ఆకలితోని వచ్చినోడి దగ్గర?

చరిత్ర_టీచరమ్మ
వాసూ, కోపం తెచ్చుకోకు. ఆ డబ్బు ఫ్రాంక్లిన్ జేబులోది కాదు. ఫ్రెంచి రాజు దగ్గర అప్పు చేసి తెచ్చిన సొమ్ము. అదే సంచిలోంచి తుపాకులు కొనాలి, యూనిఫాంలు కొనాలి, కాంగ్రెస్ చెప్పకుండా రాసి పంపే హుండీలు, అంటే డబ్బు చెల్లించమనే పత్రాలు, తీర్చాలి. డెబ్బై దాటిన ముసలాయన, గౌటు జబ్బు, ఆఫీసులో సాయానికి మనవడు టెంపుల్. నోటు రాయించుకోవడం వల్ల లెక్క మిగిలింది. నా దృష్టిలో ఇంకో మేలూ జరిగింది. తీసుకున్నవాడికి అది ముష్టి కాదు, బదులు.

వేములవాడ_వాసు
బదులు అంటే సరే అమ్మా. మా దిక్కు కూడ గట్లనే అంటరు, "చేబదులు ఇయ్యి" అని. మొకం చిన్నబోదు.

విజయవాడ_వంతెన
ఫ్రాంక్లిన్ ఒక్కడే అంటే ఎలా? రేవుల్లో కూచున్నవాళ్లూ ఉన్నారు కదా. డన్‌కర్క్‌లో ఫ్రాన్సిస్ కాఫిన్, నాంట్‌లో ఫ్రాంక్లిన్ బంధువు జోనాథన్ విలియమ్స్, బోర్డోలో జాన్ బాండ్‌ఫీల్డ్. వచ్చినవాళ్ల మొహం ముందు చూసేది వీళ్లే. బూట్లు, అన్నం, ఓడ దొరికేదాకా బస, ఆ తర్వాత పాసీకి ఖాతా.

పాత_పటాలు
కరెక్ట్. అదే పాసీలో ఇంకొకడూ ఉన్నాడు, ఎడ్వర్డ్ బాంక్రాఫ్ట్. అమెరికన్ బృందానికి నమ్మినబంటు. ఫ్రాంక్లిన్ బల్ల మీద ఉన్న కాగితం ప్రతిదీ అతను చూసేవాడు. బ్రిటన్ వేగు. వందేళ్ల తర్వాత గాని ఆ సంగతి బయటపడలేదు. ఎవరు ఎవరికి సాయం చేస్తున్నారో లండన్‌కి కొంత తెలుస్తూనే ఉండి ఉంటుందని నా అనుమానం. అయినా రెన్ లాంటివాళ్లని పట్టుకోలేదు. పట్టుకుంటే కోర్టులో వేగు పేరు బయటపెట్టాలి కదా. ఇది నా ఊహ మాత్రమే.

నిక్కచ్చి_1
ఊహ అని చెప్పారు కాబట్టి వదిలేస్తున్నాను. కాని అందరూ సాయం చేసినవాళ్ల గురించే చెబుతున్నారు. పట్టిచ్చినవాళ్ల సంగతో?

ఓరుగల్లు_వాణి
ఉన్నరు, మస్తుగ ఉన్నరు. తప్పించుకున్న ఒక్కో ఖైదీని పట్టిస్తే ఐదు పౌండ్ల బహుమతి. ఆ కాలం కూలోడికి అది నెలల సంపాదన. జైలు చుట్టుపక్కల పల్లెటూరోళ్లు తుపాకులు, కట్టెలు పట్టుకొని కాపు కాసేటోళ్లు. ఖైదీలు ఆళ్లకు "ఐదు పౌండ్లోళ్లు" అనే పేరు పెట్టిండ్రు. దొరికితే నలభై దినాలు చీకటి కొట్టు, సగం తిండి.

ఇంక ఇందులోనే ఇంకో తమాష. కొందరు ఖైదీలు కావాలనే బయటికి పోయి, తెలిసిన మనిషికే పట్టుబడి, ఆ ఐదు పౌండ్ల బహుమతి చెరిసగం పంచుకున్నరట.

గుంటూరు_ఘాటు
ఇది గుంటూరు మిర్చి యార్డు తెలివి. వాళ్లకి ఎలా వచ్చిందో!

గోదారి_గట్టు
నవ్వు ఆగట్లేదు. కాని సగం తిండితో నలభై రోజులు చీకట్లో ఉండటానికి సిద్ధపడ్డారంటే లోపల ఎంత ఆకలి ఉండాలి.

చరిత్ర_టీచరమ్మ
సాయం పేరుతో దోచుకున్నవాడి గురించి కూడా చెప్పాలి. థామస్ డిగ్స్. మేరీలాండ్‌వాడు, లండన్‌లో ఉండేవాడు. ఖైదీలకు పంచమని ఫ్రాంక్లిన్ ఇతని ద్వారా డబ్బు పంపేవాడు. వందల పౌండ్లు తీసుకుని ఖైదీలకు చేర్చింది బహు కొద్ది. 1781లో తెలిసినప్పుడు ఫ్రాంక్లిన్ రాసిన ఉత్తరం చదివితే, ఆయనకి అంత కోపం వస్తుందా అనిపిస్తుంది. డబ్బున్నవాడి దగ్గర ఒక గినీ దొంగిలించినవాడే నీచుడు, మరి పేదవాడు, ఖైదీ, అతని కోసం దానంగా ఇచ్చిన చిల్లర నొక్కేసినవాణ్ని ఏమనాలి, అని అడిగి, "ఇలాంటివాడు నరకానికి పోకపోతే ఇక దెయ్యాన్ని పోషించడమే దండగ" అన్నాడు.

మీ బావకి ఈ ఉత్తరం చూపించండి. ఖైదీల్ని గాలికొదిలేసినవాడు అలా రాయడు.

విజయవాడ_వంతెన
టీచరు గారూ, డిగ్స్‌ని పూర్తిగా ముంచేయకండి. జార్జి వాషింగ్టన్ 1794లో అతని గురించి మంచిగా రాశాడు. యుద్ధకాలంలో అమెరికా పట్ల స్నేహంగానే కాదు, ఉత్సాహంగా కూడా పనిచేశాడని. డిగ్స్ కుటుంబం ఎస్టేటు పొటోమాక్ నదికి అటు, వాషింగ్టన్ ఇల్లు ఇటు, ఇరుగుపొరుగు. తప్పించుకున్న ఖైదీలకు లండన్‌లో డిగ్స్ చేతనైన సాయం చేసిన సందర్భాలూ ఉన్నాయి.

చరిత్ర_టీచరమ్మ
ఇరుగుపొరుగు అని మీరే అన్నారు. పొరుగువాడి మీద చెడు రాస్తారా ఎవరైనా?

విజయవాడ_వంతెన
వాషింగ్టన్ అంత తేలిగ్గా కితాబులు ఇచ్చే మనిషి కాడండీ.

చరిత్ర_టీచరమ్మ
కావచ్చు. డబ్బు లెక్క మాత్రం తేలలేదు. ఫ్రాంక్లిన్ డబ్బు ఎటు పోయిందో చెప్పే రసీదు చూపించండి, నేను మారతాను. డిగ్స్ తర్వాత ఆ పని విలియం హాడ్జ్‌సన్ అనే లండన్ వర్తకుడు అందుకున్నాడు. ఆయన మీద ఒక్క ఫిర్యాదు లేదు. నిజాయితీగా చేయడం సాధ్యమే అని ఆయనే చూపించాడు.

డాల్ఫిన్_నోస్
లెక్కల గొడవ మీరు తేల్చుకోండి. నాకు కానింగమ్ గురించి చెప్పాలని ఉంది, గస్టేవస్ కానింగమ్. పుట్టింది ఐర్లండ్‌లో. 1777 మేలో డన్‌కర్క్ నుంచి బయల్దేరి హార్విచ్ టపా ఓడనే పట్టేశాడు. బ్రిటన్ గోల చేస్తే ఫ్రాన్స్ ఇతన్ని జైల్లో పెట్టి, ఇతని కమిషన్ కాగితం, అంటే శత్రువు ఓడల్ని పట్టుకోవచ్చని ప్రభుత్వం ఇచ్చిన అధికార పత్రం, లాగేసుకుంది. ఆ కాగితం మళ్లీ చేతికి రాలేదు. తర్వాత రివెంజ్ అనే ఓడ మీద ఇంగ్లండు చుట్టూ తిరిగి, దొరికిన ఓడనల్లా పట్టాడు.

1779లో పట్టుబడ్డాడు. మొదటి కాగితం చూపించలేడు కాబట్టి దొంగ కింద ఉరి తీస్తామన్నారు. మిల్ జైల్లో వేశారు. ఆ నవంబరులో యాభై మందిదాకా సొరంగం తవ్వుకుని బయటపడ్డారు, ఇతను వాళ్లలో ఒకడు. "రాజుగారి నేల గుండా రాజద్రోహం చేశాను" అని తర్వాత రాసుకున్నాడు. లండన్‌లో స్నేహితులు దాచి హాలెండ్ ఓడ ఎక్కించారు. అక్కడ టెక్సెల్‌లో అమెరికన్ నౌకాదళ కెప్టెన్ జాన్ పాల్ జోన్స్ ఓడలో చేరాడు.

యుద్ధం అయ్యాక ఏమైందో తెలుసా? తనకి రావలసిన జీతం, నష్టపరిహారం అడిగితే కాంగ్రెస్ కమిషన్ కాగితం చూపించమంది. బతికున్నంతకాలం తిరిగాడు, 1819లో చనిపోయాడు. ఆ కాగితం 20వ శతాబ్దం మొదట్లో ప్యారిస్‌లో పాత సంతకాలు అమ్మే ఒక వ్యాపారి జాబితాలో తేలింది.

వేములవాడ_వాసు
అన్నా, గిదే. కాయిదం ఒక్కటి లేకుంటే మనిషి చేసిన పనంత గాలికి పాయె. నాకు నిద్ర పట్టదు ఇయ్యాల.

గోదారి_గట్టు
మరి మార్పిడి సంగతేమైంది? అధికారికంగా ఎప్పుడూ జరగలేదా?

పాత_పటాలు
జరిగింది, నత్తనడకన. డేవిడ్ హార్ట్‌లీ అని బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు, ఫ్రాంక్లిన్‌కి పాత స్నేహితుడు, రెండేళ్లు తిరిగి తిరిగి ఒప్పించాడు. 1779 వసంతంలో ప్లిమత్ నుంచి నాంట్‌కి మొదటి ఓడ 97 మందితో వచ్చింది. పైన వాణి గారు చెప్పిన హెర్బర్ట్ అందులోనే వచ్చాడు.

మనిషికి మనిషి ఇవ్వాలి కదా. ఫ్రాంక్లిన్ దగ్గర బ్రిటిష్ ఖైదీలు చాలినంతమంది లేరు. అందుకే డన్‌కర్క్ నుంచి బ్లాక్ ప్రిన్స్ అనే ప్రైవేటీరుకి కమిషన్ ఇచ్చాడు. కాగితం మీద కెప్టెన్ ఒక అమెరికన్, నిజంగా నడిపింది ల్యూక్ రయన్ అనే ఐరిష్ స్మగ్లరు. డబ్లిన్‌లో అధికారులు పట్టుకున్న సొంత ఓడనే ఎత్తుకుని డన్‌కర్క్ వచ్చిన బ్యాచ్. ఆ ఓడా, దాని వెనక వచ్చిన మరో రెండూ కలిసి వందకు పైగా ఓడల్ని పట్టాయి.

ఫ్రాంక్లిన్‌కి కావలసింది ఓడలు కాదు, మనుషులు. చిన్న ఓడలో ఖైదీలకు చోటెక్కడ? మమ్మల్ని వదిలేస్తే బదులుగా ఒక అమెరికన్‌ని విడిపిస్తాం అని సముద్రం మీదే సంతకం చేయించుకుని వదిలేసేవారు. అలా వందల సంతకాలు పోగయ్యాయి. బ్రిటన్ ఒక్కటీ గౌరవించలేదు. చివరికి ఒక డచ్చి ఓడ విషయంలో తగాదా వచ్చి, 1780లో ఫ్రాంక్లిన్ ఆ కమిషన్లు వెనక్కి తీసుకున్నాడు. మార్పిడి కూడా ఆ ఏడాదే ఆగిపోయింది.

నిక్కచ్చి_1
అంటే ఆ ప్రైవేటీర్లు నింపింది యజమానుల జేబులే, జైలు ఖాళీ కాలేదు. నేను మొదట చెప్పింది ఇదే కదా.

డాల్ఫిన్_నోస్
వందల సంతకాల్లో ఒక్కటీ గౌరవించని తప్పు బ్రిటన్‌ది, ఓడవాళ్లది కాదు. ఆమాట కూడా రాయండి.

నిక్కచ్చి_1
రాస్తాను. రెండూ నిజమే.

పాత_పటాలు
నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఫ్రాంక్లిన్ శక్తికి మించి ప్రయత్నించాడు. కాని అధికారిక దారిలో విడుదలైనవాళ్లు కొద్దిమంది. 1782 మార్చిలో పార్లమెంటు దిగివచ్చి వీళ్లని యుద్ధఖైదీలుగా ఒప్పుకునేదాకా, నాలుగైదేళ్లపాటు, తలుపు తెరిచింది రెన్ లాంటివాళ్లే. ప్లిమత్‌లో రాబర్ట్ హీత్ అనే ఇంకో పాస్టరు మిల్ ఖైదీలకు ఇదే పని చేశాడు. చరిత్ర పుస్తకంలో హార్ట్‌లీకి పేజీ ఉంటే వీళ్లకీ పేజీ ఉండాలి.

చరిత్ర_టీచరమ్మ
ఈ తేడా కూడా చూడండి. ఇదే యుద్ధంలో న్యూయార్క్ రేవులో జెర్సీ లాంటి పాత ఓడల్లో కుక్కిన అమెరికన్ ఖైదీలు పదకొండు వేలమంది దాకా చచ్చిపోయారని అంచనా. ఇంగ్లండు జైళ్లలో చావులు దాంతో పోలిస్తే చాలా తక్కువ. అక్కడ చందాలు వేసే ఊరు లేదు, గేటు దగ్గర ధర్మం డబ్బా లేదు, రెన్ లేడు. ఒక పాస్టరు, నాలుగు బూట్ల జతలు, వారానికి కాస్త చిల్లర. మనిషి ప్రాణం నిలబడటానికి ఎంత కావాలో ఇక్కడ తెలుస్తుంది. ఇంగ్లండు జైళ్లలో ఆసుపత్రి వసతి కూడా మెరుగే అనుకోండి, అదీ ఒక కారణం.

చిత్తూరు_చిన్నోడు
ఇంత సేపు చదువుకుంటా ఉండాను, ఇంగ ఆగలేను. జాషువా బార్నీ పేరు ఎవురూ ఎత్తలేదే? 1781 మేలో మిల్ జైలు నుంచి పారిపోయినోడు. కాలు బెణికిందని చంకకర్రలతో కుంటతా నటించినాడు. ఒక రోజు పట్టపగలే, పైన పొడుగు కోటు, లోపల బ్రిటిష్ ఆఫీసరు యూనిఫాం, నడిచి బయటికి ఎల్లిపోయినాడు. ఇంకో పిల్లోడు హాజరు పిలుపుకి ఈయన బదులు పలికినాడంట. ప్లిమత్‌లో ఒక ముసలి పాస్టరు ఇంట్లో దాక్కున్నాడు. లండన్, ఆస్టెండ్, హాలెండ్ మీదుగా అమెరికా చేరినాడు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తా. తిరిగొచ్చినాక 1782 ఏప్రిల్ 8న డెలావేర్ అఖాతంలో తన కంటే పెద్ద బ్రిటిష్ ఓడ జనరల్ మాంక్‌ని అరగంటలో లొంగదీసినాడు. "నేను గట్టిగా ఏం అరిస్తే దానికి రివర్సులో చుక్కాని తిప్పు" అని చుక్కానివాడికి ముందే చెప్పి పెట్టినాడు, శత్రువు అరుపు విని మోసపోయినాడు. ఆ బార్నీ ఓడ పేరు ఏందో తెలుసునా? హైదర్ అలీ! మన మైసూరు హైదర్. బ్రిటిష్ వాళ్లని 1780 నుంచి ఉతికి ఆరేస్తా ఉండాడని, ఫిలడెల్ఫియా వర్తకులు ఆయన పేరు ఓడకి పెట్టుకున్నారు.

అదే సంవత్సరం డిసెంబరులో ఆ హైదర్ చనిపోయింది మా చిత్తూరు పక్కన నరసింగరాయనిపేట దగ్గర. మా ఊళ్లో ఎంతమందికి తెలుసు, అమెరికాలో ఆయన పేరుతో ఒక ఓడ గెలిచిందని?

గుంటూరు_ఘాటు
ఒళ్లు జలదరించింది చిన్నోడా. ఈసారి నవ్వించను.

న్యూజెర్సీ_నాగమణి
ఫిలిప్ ఫ్రెనో అనే కవి ఆ ఓడ మీద పద్యాలు కూడా రాశాడు. ఆయనా ప్రిన్స్‌టన్‌లో చదివినవాడే, ఆయనా బ్రిటిష్ ఖైదీల ఓడలో ఉండి వచ్చినవాడే.

పాత_పటాలు
ఇండియాతో ఇంకో ముడి ఉంది, అది విషాదం. 1777 డిసెంబరులో పాసీ నుంచి బ్రిటిష్ ప్రధాని లార్డ్ నార్త్‌కి రాసిన ఉత్తరంలో, పట్టుబడిన అమెరికన్ నావికుల్ని చావు భయం పెట్టి ఆఫ్రికాకీ ఇండియాకీ పంపేశారని ఫిర్యాదు ఉంది. అలా ఇటువైపు వచ్చినవాళ్లకి ఏ రెన్ దొరికాడో.

డాల్ఫిన్_నోస్
కంపెనీ ఓడలు మన రేవుల మీదుగానే తిరిగేవి. విశాఖలో 1780 అక్టోబరులో సిపాయిలు హైదర్ మీద యుద్ధానికి మద్రాసు ఓడ ఎక్కం అని తిరగబడ్డారు. చిన్నోడూ, దాని మీద నువ్వు వేరే థ్రెడ్ తెరువు. సిపాయిల సంగతి నేను రాస్తా, హైదర్ చివరి రోజుల సంగతి నువ్వు రాయి.

చిత్తూరు_చిన్నోడు
సరేన్నా, ఈ ఆదివారం నరసింగరాయనిపేట దాకా పోయి ఫొటోలు తీసుకోనొస్తా. అప్పుడు తెరుస్తా.

గోదారి_గట్టు
బావకి ఈ థ్రెడ్ మొత్తం పంపాను. "ఫ్రాంక్లిన్ సంగతి సరే, ఆ రిచర్డ్ డేల్ ఎవడు, వాడి గురించి రాయలేదేం" అని ఎదురు ప్రశ్న వేశాడు. ఎవరికైనా తెలుసా?

ఓరుగల్లు_వాణి
మీ బావకు మస్తు తెలుసు, మనల్ని పరీక్ష పెడుతున్నడు. డేల్ కూడా మిల్ జైలు నుంచే పారిపోయిండు, రెండు సార్లు. రెండోసారి బ్రిటిష్ యూనిఫాం వేసుకొని గేటు నుంచే పోయిండు. ఫ్రాన్స్ చేరి జాన్ పాల్ జోన్స్‌కు ఫస్ట్ లెఫ్టినెంట్ అయిండు, 1779 సెప్టెంబరుల సెరాపిస్ అనే బ్రిటిష్ యుద్ధ ఓడ మీద జరిగిన యుద్ధంల ఉన్నడు. ఆ యూనిఫాం ఎవరు ఇచ్చిండ్రో ఎన్నడూ ఎవరికీ చెప్పలే. ఇచ్చినోళ్లు ఇంకా ఇంగ్లండులనే ఉన్నరు కదా, చెప్తే ఆళ్ల మెడకు చుట్టుకుంటదని అనుకుంట. మీ బావను ఈ వేదికల చేరమనండి, గిట్ల పక్కనుంచి ప్రశ్నలేసుడు ఎందుకు.

గోదారి_గట్టు
చేరాడు. ఆయన హ్యాండిల్ ‘పాసీ_పథికుడు’. రేపటి నుంచి నాతో కాదు, మీ అందరితో వాదిస్తాడు.